తినువానికి తెలియవలదా?

జన్యుమార్పిడి పంటలనుండి వచ్చిన ఆహారపదార్థములపై ఆ సంగతిని విధిగా ముద్రింపవలెనా యను ప్రశ్న ఢిల్లీలోని పండితులకే సంబంధించినదని మన రైతులును పురజనులును తలంచుట పొరపాటు. కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు మెట్టపొలములలో ప్రత్తి పండించు ప్రతిగృహస్థునకును ఇది యింటి ప్రశ్నయే.

బీటీ ప్రత్తికి 2002 మార్చిలో కేంద్రప్రభుత్వ మనుమతి నొసగెను. నేలలోని యొక సూక్ష్మజీవి జన్యువును మొక్కలో చేర్చుటచే కాయతొలుచు పురుగును చంపు గుణము దానికబ్బినది. నేడు దేశమున పండు ప్రత్తిలో నూటికి 90 పాళ్లకు మించి యిట్టిదియే. అది జిన్నింగు మిల్లునకు పోవును, దూది బట్టయగును, గింజ నూనెయగును, చెక్క పశువుల తొట్టికి వచ్చును. 2010 ఫిబ్రవరిలో బీటీ వంగను నిలిపివేసినపుడు జన్యుమార్పిడి పంట మన వాకిటనే ఆగినదని పలువురు సంతసించిరి. నూనెరూపమున నది యప్పటికే వంటయింట ప్రవేశించియుండెను.

ప్రభుత్వమునకీ సంగతి తెలియదనుటకు వీలులేదు. అట్టి యాహారముగల పొట్లము మొగముపై ‘జీఎం’ అను రెండక్షరములు ముద్రింపవలెనని తూనికలు కొలతల నియమములు 1-1-2013 నుండి శాసించెను. ఆ యక్షరములుగల నూనెడబ్బాను మన యంగళ్లలో నెవరైన చూచిరా? ఆహారభద్రతా ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో, నూటికి 1 పాలు గాని యంతకు మించి గాని కలిసినచో తెలుపవలెనని ముసాయిదా ప్రకటించెను. ముసాయిదా శాసనము కాదు.

గుర్తువేసినచో జనులు బెదరుదురని వర్తకులందురు. శాకాహారమునకు పచ్చచుక్కయు మాంసాహారమునకు వేఱుగుర్తును వేయుచున్నారు. అందుచే మాంసము విషమని యెవరైన తలంచిరా? ఈ నూనె హానికరమని మేమనుటలేదు. తెలిసి తినుట వేఱు, తెలియక తినుట వేఱు అనుచున్నాము.

శుద్ధిచేసిన నూనెలో ఆ జన్యువు పరీక్షకు దొరకదను వాదము బలమైనదే. ఈ కారణముననే అమెరికాలో 2022 నుండి విధియైన గుర్తు అట్టి నూనెలకు వర్తింపలేదు. ఐరోపా సమాజము 2004 నుండి అవలంబించిన మార్గము వేఱు: పరీక్షలో దొరకినను దొరకకున్నను పుట్టుక యెచ్చటిదో తెలుపవలెను. మనకిదియే యుచితము. మిశ్రమనూనెలలో నేది యెన్నిపాళ్లో ముద్రించుట ఇప్పటికే విధియైయున్నది. ప్రత్తిగింజల నూనె యని ముద్రించువానికి మఱియొక మాట ముద్రించుటకు వ్యయమెంత? వేరుసెనగనో నువ్వులనో గానుగపట్టి యమ్ము నిజాయితీపరునకు దీనివలన మేలేకాని కీడులేదు.

ఇది నూనెతో నాగునదియు కాదు. బాపట్లలో పుట్టిన సాంబమసూరిని జన్యుసవరణచే మార్చి, హైదరాబాదులోని వరి పరిశోధనసంస్థ రూపొందించిన ‘కమల’ వరిని 2025 మేలో కేంద్రమంత్రి ప్రకటించిరి. పరజన్యువు మిగులని యిట్టి పంటలకు 2022 లోనే పాతనియమములనుండి మినహాయింపు లభించెను. జన్యుమార్పిడికిని జన్యుసవరణకును గల భేదమును మేమంగీకరింతుము. భేదమున్నచో దానిని తినువానికి జెప్పుటకు అభ్యంతరమేల?

కావున ఆహారసంస్థ పుట్టుకనుబట్టి గుర్తునేర్పఱచు తుదినియమమును చేయవలెను. ఆ గుర్తు తెలుగులో, పెద్దయక్షరములతో నుండవలెను. రాష్ట్రప్రభుత్వము తన వసతిగృహములకును బడిభోజనములకును కొను నూనెతోనే దీని నారంభింపవచ్చును. మన ప్రాంత శాసనసభ్యులు ఈ కోరికను సభలో వినిపింతురుగాక. తాను పండించిన గింజయే పేరుమాఱి తన విస్తరిలోనికి వచ్చునపుడు దానిని గుర్తింపగల హక్కు రైతునకు లేకపోవుట న్యాయము కాదు.