ఉలి జారిన చోటే కన్ను

పిల్లలూ! కిందటి నెలలో ఒకనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు మా ఇంట్లో ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోను మోగితే ముసలివాళ్ల గుండె ఝల్లుమంటుంది. తీరా చూస్తే టెక్సాస్‌లో చదువుకుంటున్న మా మనుమరాలు. మనకిక్కడ ఆళ్లగడ్డలో కోడి కూసే వేళకు అక్కడ ముందునాటి సాయంత్రం అయిదున్నర. "తాతా, అంతా పాడుచేసుకున్నాను" అని ఒకటే ఏడుపు.

సంగతేమిటంటే, ఆ పిల్ల దంతవైద్య కళాశాలలో చేరడానికి ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చింది. మన దేశంలో బి.డి.యస్. చదవాలంటే ఇంటర్ తరవాత నీట్ పరీక్ష రాయాలి. అందులో వచ్చిన మార్కులను బట్టి సీటు. అమెరికాలో అలా కాదు. సాధారణంగా ముందు డిగ్రీ చదువుతారు, డాట్ అనే పరీక్ష రాస్తారు. ఆపైన కళాశాలవారు పిలిచి ముఖాముఖి ప్రశ్నిస్తారు. పంటి డాక్టరు భయంతో బిగుసుకుపోయిన మనుషులతో పని చేయాలి కదా! మార్కులు చెప్పని గుణం మాటల్లో తెలుస్తుందని వారి ఉద్దేశం.

"ఏమడిగారమ్మా?" అన్నాను.

"ఆరేళ్ల పిల్లవాడు నోరు తెరవనంటే ఏం చేస్తావని అడిగారు. నేను తడబడి, వాళ్లమ్మను గట్టిగా పట్టుకోమంటానన్నాను. గుమ్మం దాటగానే అసలు జవాబు గుర్తొచ్చింది, తాతా!"

ఆ అసలు జవాబు మీరూ తెలుసుకోండి. 'చెప్పు, చూపు, చెయ్యి' అని పంటి డాక్టర్లకు ఒక పద్ధతి ఉంది. దానిని 1959లో అడెల్‌స్టన్ అనే దంతవైద్యుడు వివరించాడు. ఏం చేయబోతున్నామో ముందు పిల్లవాడికి తెలిసే మాటల్లో చెప్పాలి. తరవాత ఆ తిరిగే బ్రష్షును వాడి వేలిగోటి మీద ఆడించి చూపాలి. ఆ పైనే పంటి మీద పెట్టాలి.

"మిగతా ప్రశ్నలో?" అన్నాను.

"అవి బాగానే చెప్పాను."

"ఎన్ని?"

"తొమ్మిది."

చూశారా! తొమ్మిది జవాబులు ఎటో పోయాయి. ఒక్కటే మిగిలి ఏడిపిస్తోంది.

దీనిని గురించి అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు తమాషా ప్రయోగాలు చేసి 2000లో ప్రకటించారు. ఒక విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గుపడేటటువంటి బొమ్మ చొక్కా తొడిగి, తోటివారు కూర్చున్న గదిలోకి పంపారు. బయటికి వచ్చాక, "నీ చొక్కా మీద బొమ్మ ఎవరిదో ఎంతమంది గమనించారు?" అని అడిగారు. అలా అడిగినవాళ్లు సుమారు సగంమంది గమనించి ఉంటారనుకున్నారు. నిజంగా గమనించింది నాలుగోవంతు మందే! మన పొరపాటు మీద లోకమంతా దీపం పట్టి చూస్తున్నదనుకుంటాం. ఆ దీపం పట్టుకున్నది చాలావరకు మనమే.

అయితే ఇంటర్వ్యూ చేసేవారి పనే గమనించడం. వారు ఆ తడబాటును చూడలేదని చెప్పి నేను మనుమరాలిని మభ్యపెట్టలేదు. మా ఆళ్లగడ్డ శిల్పుల మాట చెప్పాను. విగ్రహం కోసం వచ్చినవారు దానిని నఖశిఖ పర్యంతం చూస్తారు. చెక్కినవాడి కన్ను మాత్రం తన ఉలి జారిన చోటే ఉంటుంది.

నేనూ హెడ్మాస్టరుగా ఉండగా పిల్లలను ప్రశ్నించే బల్లకు అవతల కూర్చున్నవాణ్ణే. ఎవరు ఎక్కడ తడబడ్డారో నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేదు. "తెలియదండి, తెలుసుకుని వచ్చి చెబుతాను" అని, మర్నాడు నిజంగానే వచ్చి చెప్పిన కుర్రవాడు మాత్రం గుర్తున్నాడు.

"అమ్మా, జరిగిన గంటను మళ్లీ మళ్లీ తిరగేసినా అందులో ఒక్క అక్షరం మారదు. ఆ జవాబు ఇప్పుడే కాగితం మీద రాసుకో. ఇంకో కళాశాలవారు పిలుస్తారేమో, పనికి వస్తుంది. పిలవకపోయినా, రేపు భయపడే పిల్లవాడెవడైనా నీ ముందు కూర్చుంటాడు. వాడికి పనికి వస్తుంది. ఇక అన్నం తిని పడుకో" అన్నాను. అవతల ముక్కు చీదిన చప్పుడు, ఆ తరవాత కాగితాల చప్పుడు వినిపించాయి.

ఫలితం డిసెంబరులో గాని తెలియదు. సీటు వస్తుందో రాదో నేనూ చెప్పలేను.

తల్లిదండ్రులకొక మనవి. పిల్లలు పరీక్ష నుంచి రాగానే వీధి గుమ్మంలోనే ప్రశ్నపత్రం విప్పించకండి. ముందు కాళ్లు కడుక్కోనివ్వండి, అన్నం పెట్టండి.

పిల్లలూ, మీకొక ప్రయోగం. రేపు చొక్కాకు వేరే రంగు గుండీ ఒకటి కుట్టించుకుని బడికి వెళ్లండి. ఎంతమంది గమనిస్తారో ముందే ఒక చీటీ మీద రాసుకోండి. సాయంత్రం అందరినీ అడిగి లెక్క చూసుకోండి. మీ అంచనాకూ నిజానికీ ఎంత తేడా వచ్చిందో నాకు ఉత్తరం రాయండి.