గుడ్డు వాసన ఉంటే గుడ్డు అయిపోదు



శ్రమల దినాలు వచ్చాయంటే మన సంఘంలో చాలా ఇళ్లలో మాంసం, గుడ్డు పక్కన పెడతారు. ఇది ఎప్పటినుండో ఉన్నదే. ఈ మధ్య మరొక మార్పు చూస్తున్నాము. హైదరాబాదులో చదువులు, ఉద్యోగాలు చేసుకుంటూ సెలవులకు పెద్దమందడి వచ్చే పిల్లలు కొందరు "మేము వీగన్" అంటున్నారు. అంటే మాంసం, గుడ్డే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరు. 1944లో ఇంగ్లండులో పుట్టిన ఈ మాట ఇప్పుడు మన వంటింటి దాకా వచ్చింది. దాని వెంట నల్ల ఉప్పు కూడా వచ్చింది.

నల్ల ఉప్పు మనకు కొత్తది కాదు. చాట్ బండి దగ్గర, చెరకు రసంలో, జామకాయ ముక్కల మీద తిన్నదే. ఉప్పును కరక్కాయ, బొగ్గు వంటి వాటితో కలిపి కొలిమిలో కాల్చి దీనిని తయారు చేస్తారు. అలా కాల్చినప్పుడు గంధకపు పదార్థాలు ఏర్పడతాయి. ఉడికించిన గుడ్డుకు వచ్చే వాసన, నల్ల ఉప్పుకు వచ్చే వాసన రెండూ గంధకం నుండి వచ్చినవే. అందుకే గుడ్డు లేని వంటలో చిటికెడు వేస్తే గుడ్డు పొరటు తిన్నట్లే ఉంటుంది.

ఈ వంటను మేము తప్పు పట్టడం లేదు. మా నర్సుల మెస్‌లో మేము కూడా చేసి చూశాము. శనగపిండిలో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, కొంచెం పసుపు వేసి, నీళ్లతో జారుగా కలిపి పెనం మీద అట్టు పోయాలి. పిండిలో మామూలు ఉప్పు సగమే వేయాలి. అట్టు దించిన తరువాత పైన చిటికెడు నల్ల ఉప్పు చల్లాలి. ముందే వేస్తే వేడికి వాసన పోతుంది. అప్పుడు వాసన రావడం లేదని ఇంకా ఇంకా వేస్తారు. రుచి బాగానే ఉంటుంది. మా భయం రుచి గురించి కాదు, ఆ రుచి వెనుక వచ్చే నమ్మకాల గురించి.

మొదటి నమ్మకం, నల్ల ఉప్పు ఉప్పే కాదని. ఓపీలో బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమ్మకు బీపీ ఎంతకూ దిగడం లేదు. గోలీలు సరిగానే మింగుతున్నది. ఉప్పు తగ్గించావా అని అడిగితే, "సిస్టరమ్మా, ఉప్పు ఎప్పుడో బంద్ చేసిన, నల్ల ఉప్పే ఏసుకుంటున్న" అన్నది. మజ్జిగలో, కూరలో, జొన్న సంకటిలో అంతా అదే. ఆమెది అమాయకత్వం అని మేము అనము. ఎవరో మేలని చెప్పారు, ఆమె నమ్మింది. కాని నల్ల ఉప్పులో ఎక్కువ భాగం సోడియం క్లోరైడే. రంగు మారినంత మాత్రాన రక్తపోటుకు తేడా తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీస్పూను లోపే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలు కూడా ఇదే చెబుతున్నాయి. ఆ టీస్పూనులోనే తెల్ల ఉప్పు, నల్ల ఉప్పు, పచ్చడి, అప్పడం అన్నీ ఇమడాలి.

రెండవ నమ్మకం, తెల్ల ఉప్పు పూర్తిగా మానేసి నల్ల ఉప్పుకు మారితే ఆరోగ్యమని. మన దేశంలో గొంతువాపును అరికట్టే కార్యక్రమం 1962లో మొదలైంది. ప్యాకెట్ ఉప్పులో అయోడిన్ కలపడం అందుకే. నల్ల ఉప్పులో సాధారణంగా అయోడిన్ కలపరు. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి అయోడిన్ కావాలి. పాలు, గుడ్లు, చేపలు కూడా తినని ఇంట్లో అయోడిన్ ఉప్పు కూడా మానేస్తే అది ఇంకెక్కడి నుండి వస్తుంది?

మూడవ నమ్మకం అన్నిటికంటే మోసం చేసేది. గుడ్డు వాసన వచ్చింది గనుక గుడ్డు తిన్నట్లే అని. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. శనగపిండి అట్టులో కూడా మాంసకృత్తులు ఉంటాయి, కాని అవి ఇచ్చేది శనగపిండి, నల్ల ఉప్పు కాదు. విటమిన్ బి12 మాత్రం శనగపిండిలోనూ లేదు, నల్ల ఉప్పులోనూ లేదు. అది సహజంగా మాంసం, చేప, గుడ్డు, పాలలోనే దొరుకుతుంది. బి12 తగ్గితే రక్తహీనత, నీరసం, కాళ్లూ చేతులూ తిమ్మిర్లు వస్తాయి. శరీరంలో నిల్వ ఉంటుంది గనుక లోటు వెంటనే బయటపడదు, కొన్నేళ్లకు తెలుస్తుంది. శ్రమల దినాల్లో కొద్ది వారాలు మానేసిన ఆరోగ్యవంతులకు దీనివల్ల భయం లేదు. ఏళ్ల తరబడి వీగన్‌గా ఉండేవారు మాత్రం డాక్టరు గారిని అడిగి బి12 గోలీలు వాడాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డును పక్కన పెట్టి నల్ల ఉప్పు అట్టుతో సరిపెట్టుకోవద్దు. మీ ఉపవాసం బిడ్డ ఉపవాసం కాకూడదు.

కాబట్టి మా మాట ఇది. నల్ల ఉప్పును ఇంటికి వచ్చిన చుట్టంలా చూడండి, చిటికెడు మర్యాద చేసి పంపండి. ఇంట్లో ఉండవలసినది అయోడిన్ ఉప్పు, అదీ కొలత ప్రకారమే. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఏ కొత్త ఉప్పు కొన్నా, "సోడియం తక్కువ" అని రాసి ఉన్నది కూడా, మాకు చూపించి వాడండి. అటువంటి వాటిలో పొటాషియం ఉంటుంది, అది కిడ్నీ రోగులకు ప్రమాదం. ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు గోలీల చీటీతో పాటు మీరు వాడే ఉప్పు ప్యాకెట్ కూడా సంచిలో వేసుకొని రండి. చూసి చెప్పడానికి మాకు రెండు నిమిషాలు చాలు.