ముందు కప్పు... తర్వాతే రంగు

యాంగాన్ నగరానికి నది ఆవల ఉన్న దలాలో సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ మే నెల నుంచే వానలు. వెదురు ఇళ్లవాళ్లు కూడా ముందే కప్పు బాగుచేసుకుంటారు. 2008 మేలో నర్గిస్ తుపాను చూసిన జనం మరి! డిప్లొమా చదివిన నేను మాత్రం ఊళ్లో ఇంటికి ఫోన్లోనే టైల్స్, రంగులు వేయించా. శ్లాబు కారింది. ఆర్నెల్ల జీతం గోడల మీద చారలైపోయింది.

మనం చేసే తప్పు ఇదే. నలుగురికీ కనిపించే పనికే ముందు డబ్బు పంపుతాం. ముందు కారడం ఆపించండి. తర్వాత వైరింగు, పైపులు. రంగు చివర్లోనే. కొలతలు చూసి, అయిన పనికే మేస్త్రీకి డబ్బివ్వండి. పదోవంతు మొదటి వాన దాటేదాకా ఆపండి. అప్పుచేసి మేడ వేసేకన్నా, అమ్మ తడవకుండా పడుకునే గది నయం కదా!