దొంగకు లేని పొలిమేర ఫిర్యాదికేల?

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణముల నడుమ, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల నీటితో పండు గ్రామములలో చెరుకుపల్లి యొకటి. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేది వఱకు ఈ మూడు పట్టణములును, చెరుకుపల్లియు గుంటూరు జిల్లాలోనివే. ఆనాటినుండి తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. తక్కినవి బాపట్ల జిల్లాకు చెందినవి. పరిపాలనా సౌకర్యమునకై గీచిన గీతను మేము ఆక్షేపింపము. కాని చెరుకుపల్లి నివాసి బ్యాంకు ఖాతా తెనాలిలో నుండవచ్చును. అతని కుమారుడు అమెరికాలో చదువుచుండవచ్చును. ఫోనులో మాటాడి మోసగించినవాడు కంబోడియాలో కూర్చుండి యుండవచ్చును. సొమ్ము పోయి పడిన ఖాతా వేఱొక రాష్ట్రములో నుండవచ్చును. ఇట్టి నేరమును గూర్చి ఎవరితో, ఎచ్చట మొఱపెట్టుకొనవలయును? ఈ ప్రశ్నకు సమాధానము తెలియకపోవుటచేతనే సొమ్ము పోగొట్టుకొన్నవారిలో పెక్కుమంది రెండవమాఱు నష్టపోవుచున్నారని మా విశ్వాసము.

నష్టము స్వల్పమైనది కాదు. కేంద్ర ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపిన లెక్కల ప్రకారము 2023లో సైబరు మోసములవలన ప్రజలు పోగొట్టుకొన్నది 7,465 కోట్ల రూపాయలు; 2024లో 22,845 కోట్లు. ఒక్క యేటిలో నష్టము మూడింతలైనది. ఇవియైనను ఫిర్యాదులను బట్టి వేసిన లెక్కలు మాత్రమే. నోరు విప్పక కన్నీరు దిగమ్రింగుకొన్నవారి సొమ్ము ఏ లెక్కలోను చేరలేదు.

ఈ వలలో పడువారు అవివేకులని తలచుట పొరపాటు. ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడు, ధాన్యమమ్మిన సొమ్ము బ్యాంకులో వేసికొన్న రైతు, కొడుకు విదేశవిద్యకై అప్పుచేసిన తండ్రి, ఇంటినుండి చేయు ఉద్యోగమని నమ్మిన పట్టభద్రురాలు, షేర్లలో లాభము చూపించిరని దాచుకొన్నదంతయు పెట్టిన వర్తకుడు - అందఱును పడుచున్నారు. ఫోను తెరపై పోలీసు దుస్తులతో కనబడి, "మీ పేర మాదకద్రవ్యముల పార్సెలు పట్టుబడినది, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది వదలిపోరాదు" అని గంటలకొలది బెదరించి, జీవితకాలపు పొదుపును ఊడ్చుకొనిపోవుచున్నారు. ఇట్టి యరెస్టు భారతదేశపు ఏ చట్టమునందును లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగములో ఈ సంగతినే చెప్పవలసివచ్చెను. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఈ మోసముల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించెను. దేశపు అత్యున్నత న్యాయస్థానమే పూనుకొనవలసిన కీడును ఒక్కొక్క కుటుంబము తన యింటి గుట్టుగా దాచుకొనుట తగునా?

తేలు కుట్టిన దొంగ నోరు మెదపడని సామెత. నేడు ఆ సామెత తలక్రిందులైనది. నోరు మెదపనివాడు దొంగ కాడు, సొమ్ము పోగొట్టుకొన్న పెద్దమనిషి. "ఇంత చదివియు మోసపోయితివా?" అని యెవరందురో యని భార్యతోనైన చెప్పడు. ఈ సిగ్గే మోసగానికి రెండవ పెట్టుబడి. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ కూలినపుడు లక్షలాది డిపాజిటుదారులు మునిగిరి. కాని వారు ఇండ్లలో దాగలేదు. ఊరూర కూడి, సంఘముగా నేర్పడి, న్యాయస్థానమున కెక్కిరి, వీధిన నిలిచిరి. 2019 నవంబరులో గుంటూరులో పదివేల రూపాయలలోపు డిపాజిటుదారులకును, 2021 ఆగస్టులో ఇరువదివేల లోపువారికిని ప్రభుత్వము సొమ్ము చెల్లింపవలసివచ్చెను. అందఱి సొమ్మును అంతయు రాలేదు. కాని వచ్చిన దానికి వారు నోరు విప్పుటయే కారణము. ఆన్‌లైను మోసములలో బాధితులు ఒకరినొకరెఱుగరు. ఒంటరిగా మోసపోవుదురు, ఒంటరిగానే మౌనము వహింతురు. కావుననే ఫిర్యాదు వీరికి మఱింత యవసరము.

ఇక ఫిర్యాదు చేయు విధమును వివరింతుము. ముందుగా దొంగసొమ్ము నడక నెఱుగవలెను. బాధితుని ఖాతానుండి వెడలిన ధనము ఒకచోట నిలువదు. నిమిషములలో ముక్కలై, కమీషనునకు ఆశపడి అద్దెకిచ్చిన పరుల ఖాతాలలోనికి, అచ్చటినుండి మఱికొన్ని ఖాతాలలోనికి పోయి, తుదకు నగదుగానో క్రిప్టో నాణెముగానో మాఱి దేశమే దాటిపోవును. అది ఏదో యొక ఖాతాలో నున్నంతసేపే దానిని ఆపుటకు వీలు. దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగిన ప్రయోజనమేమి? ఇందుకే 2021లో కేంద్ర హోంశాఖ పోలీసులను, బ్యాంకులను ఒక్క త్రాటిపైకి తెచ్చి దేశమంతటికి ఒక సహాయసంఖ్యను నెలకొల్పెను. ఆ సంఖ్య నేడు 1930. ఫోను చేసినంతనే ఆ సమాచారము సొమ్ము చేరిన బ్యాంకునకు పోవును. సొమ్ము అచ్చట నున్నచో నిలుపుదల చేయుదురు. ముందుకు జరిగియుండినచో తరువాతి బ్యాంకునకు తెలుపుదురు. ఇందు పంచాంగము చూచుటకు, పెద్దల నడుగుటకు, తెల్లవారునని వేచియుండుటకు వ్యవధి లేదు.

కావున క్రమమిది. మొదట 1930కి ఫోను. వెంటనే తన బ్యాంకునకు తెలిపి కార్డును, ఖాతాను నిలిపివేయించుట. పిమ్మట సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను జాతీయ వేదికలో ఫిర్యాదును పూర్తిగా వ్రాసి, వారిచ్చు రసీదు సంఖ్యను భద్రపఱచుట. యూపీఐ చెల్లింపునకు 12 అంకెల సంఖ్య యుండును; దానిని, తేదిని, వేళను, మొత్తమును, ఎదుటివాని ఫోనుసంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను. కోపముతోనో సిగ్గుతోనో సంభాషణలను చెఱిపివేయరాదు, అవియే సాక్ష్యము. సొమ్ము పోకున్నను మోసపు పిలుపు వచ్చినయెడల, 2024 మార్చిలో టెలికం శాఖ సంచార్ సాథీ వేదికలో నేర్పఱచిన 'చక్షు' ద్వారా తెలుపవచ్చును. నేడు ఒకడు తెలిపిన ఫోనుసంఖ్య రేపు వేఱొకని యింటిని కాపాడవచ్చును.

పోలీసు ఠాణా మాట చెప్పవలసియున్నది. "ఇది మా పరిధిలోనిది కాదు, బ్యాంకు తెనాలిలో నున్నది గదా, అచ్చటికి పొమ్ము" అను మాట బాధితుడు వినవలసిన మాట కాదు. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచారమీయవచ్చును. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. కంప్యూటరు ద్వారా పంపినను చెల్లును. మూడు దినములలో సంతకము చేసిన చాలును. సమాచార సాంకేతిక చట్టము క్రింది నేరములను ఇన్‌స్పెక్టరు పదవికి తక్కువకాని యధికారియే దర్యాప్తు చేయవలెనను నియమము గలదు. ఆ నియమము దర్యాప్తునకే గాని ఫిర్యాదు పుచ్చుకొనుటకు అడ్డు కాదు. ఈ భేదమును ప్రజలును తెలిసికొనవలెను, ఠాణాలోని వారును మఱవరాదు.

మన ప్రాంతపు యువకులు నేడు అనేక దేశములలో నున్నారు. వారిని "వీసా రద్దగును, దేశమునుండి పంపివేయుదుము" అని బెదరించి దోచుకొను ముఠాలు వేఱుగ నున్నవి. పరదేశములో మోసపోయిన విద్యార్థి తెనాలిలోనున్న తండ్రికి చెప్పుటకు జంకును. చెప్పినను తండ్రి యిచ్చట ఠాణాకు పరుగెత్తును. ఇందులో గుర్తుంచుకొనవలసిన సూత్రమొక్కటే: సొమ్ము ఏ దేశపు ఖాతానుండి వెడలెనో ఆ దేశపు తలుపునే ముందు తట్టవలెను. ఆపగలిగిన బ్యాంకు అచ్చటనే యున్నది.

అమెరికాలో ఎఫ్.బి.ఐ. వారి ఐసీత్రీ కేంద్రము ఇట్టి ఫిర్యాదులను స్వీకరించును. బాధితుడు గాని నిందితుడు గాని ఆ దేశములో నున్న చాలును. 2024లో ఆ కేంద్రమునకు 8,59,532 ఫిర్యాదులు చేరెను. తెలిపిన నష్టము 1,660 కోట్ల డాలర్లు. అంతటి సంపన్న దేశమే అట్లుండగా మోసపోయితినని మన విద్యార్థి సిగ్గుపడనేల? ఫెడరల్ ట్రేడ్ కమిషనునకును రిపోర్ట్‌ఫ్రాడ్ వేదికలో తెలుపవచ్చును. బ్రిటనులో యాక్షన్ ఫ్రాడ్ స్థానమున రిపోర్ట్ ఫ్రాడ్ అను సేవ వచ్చినది. సంఖ్య 0300 123 2040. స్కాట్లాండులో నున్నవారు 101కి పోలీసులకు ఫోను చేయవలెను. అచ్చట 159కి పిలిచినచో తన బ్యాంకునకే కలుపుదురు. కెనడాలో కెనేడియన్ యాంటీ ఫ్రాడ్ సెంటరు, ఆస్ట్రేలియాలో రిపోర్ట్‌సైబర్, స్కామ్‌వాచ్, సింగపూరులో 1799, మలేషియాలో 997, దుబాయిలో పోలీసువారి ఈక్రైమ్ వేదిక, 901 సంఖ్య. అమ్మకందారు ఒక దేశమునను కొన్నవాడు వేఱొక దేశమునను ఉన్నప్పుడు అనేక దేశముల వినియోగదారుల సంస్థలు కలిసి నడపు ఈకన్స్యూమర్ డాట్ గవ్ కలదు. అది సొమ్ము తిరిగి యిప్పింపజాలదు గాని మోసగాని జాడను దేశదేశములకు తెలుపును.

బ్రిటనులో 2024 అక్టోబరు 7 నుండి, మోసపోయి తన చేతులార సొమ్ము పంపినవానికి సయితము 85,000 పౌనుల వఱకు బ్యాంకులు తిరిగి యీయవలెనను నియమము అమలైనది. బాధ్యత తమపై బడినపుడు బ్యాంకులు మేలుకొనును. వృద్ధుడొకడు ఎన్నడును లేనిది ఒక్క దినమున లక్షలు బదిలీ చేయుచుండగా కౌంటరులోని యుద్యోగి, "అయ్యా, ఇది ఎవరికి? ఎందులకు?" అని యడుగుటకు మాత్రము ఏ చట్టము కావలెను?

ఈ విషయమునకు ఇంకొక ముఖము గలదు. అది మనల నింకను బాధించును. ఫోనులో మోసగించు గొంతు మన బిడ్డదే కావచ్చును. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు ఆశచూపి ఆంధ్ర యువకులను కంబోడియాకు పంపగా, అచ్చట నిర్బంధించి భారతీయులనే మోసగింపుమని వారిని హింసించిరి. 2024 మే నెలలో విశాఖపట్టణ పోలీసులు ఈ బానిసత్వమును బయటపెట్టిరి. అదే నెలలో సిహనూక్‌విల్ నగరములో మన యువకులు తిరుగబడిరి. భారత రాయబార కార్యాలయపు సాయముతో కొందఱు ఇండ్లు చేరిరి. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దులోని ఇట్టి స్థావరములనుండి విడుదలైన వందలాది భారతీయులను థాయిలాండు మీదుగా వైమానికదళపు విమానములలో తేవలసివచ్చెను. కావున విదేశోద్యోగమని ఎవడైన సొమ్మడిగినచో, ఏజెంటు పేరు ప్రభుత్వపు ఈమైగ్రేట్ పట్టికలో నున్నదో లేదో చూడుడు. చిక్కుకొన్నవారి బంధువులు మదద్ వేదికలో విదేశాంగశాఖకు మొఱపెట్టుకొనవచ్చును. అట్లే కొలది వేలకు ఆశపడి తమ బ్యాంకు ఖాతాను పరులకు అద్దెకిచ్చు యువకులు దొంగసొమ్మునకు తలుపు తెఱచుచున్నామని గ్రహింపవలెను. ఆ ఖాతా తమ పేరననే యున్నది. పోలీసులు వచ్చునది తమ యింటికే.

వేఱొక హెచ్చరిక. "పోయిన సొమ్ము తిరిగి తెప్పింతుము, ముందుగా రుసుము చెల్లింపుడు" అని వచ్చువారు రెండవ దొంగలు. 1930 వారు గాని పోలీసులు గాని అట్టి రుసుము నడుగరు. ఫోనులో వెదకగా కనబడిన కస్టమర్ కేర్ సంఖ్యను నమ్మరాదు. అవసరము రాకముందే సరియైన సంఖ్యలను వ్రాసియుంచుకొనవలెను.

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము 1914లో బెజవాడ మహాసభతో బలపడినది. తెలియని దానిని తెలియజెప్పుటయే నాటి పఠనమందిరముల వ్రతము. నేడు ఆ వ్రతమునకు ఇంతకంటె దగిన పని యేమి? చెరుకుపల్లి మొదలు రేపల్లె వఱకు ప్రతి గ్రంథాలయములోను, గ్రామ సచివాలయములోను, బ్యాంకులోను, తపాలా కార్యాలయములోను 1930 అను సంఖ్యను, పైనిచ్చిన క్రమమును తెలుగులో పెద్దయక్షరములతో వ్రాసి అంటింపవలెనని మేము కోరుచున్నాము. ఫిర్యాదు వ్రాయలేని వృద్ధులకు చదువుకొన్న యువకుడొకడు సాయంకాలము గంటసేపు కూర్చుండి వ్రాసిపెట్టవలెను. విదేశములో బిడ్డలున్న ప్రతి యింట ఆ దేశపు ఫిర్యాదు చిరునామా గోడపై నుండవలెను.

మోసపోవుట తప్పు కాదు. మోసపోయి మౌనముగా నుండుట పొరుగువానిని అదే గోతిలోనికి త్రోయుట. దొంగకు పొలిమేర లేదు. ఫిర్యాదికి సిగ్గను పొలిమేర ఉండరాదు.