అడిగే మర్యాద

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే. కాని అడగటానికి కూడా ఒక తీరున్నది. ఎదుటివారికి జవాబు చెప్పే వీలుండేట్టు అడగాలి. వారు ‘వద్దు’ అంటే ఆ మాట చెవిని వేసుకోవాలి. మనుషుల సంగతి అట్లా వుంచండి, యంత్రాల చేత అడిగించేటప్పుడు కూడా ఈ మర్యాద తప్పదని ఈ మధ్యనే చూశాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కంప్యూటరు గొడవ ఎందుకని నవ్వుకోకండి. కాస్త ఓపిక పట్టి వింటే అది మన అక్షరాల గొడవేనని మీకే తెలుస్తుంది.

మా కాలేజీలో నాకన్న ముందు పనిచేసి రిటైరయిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు సామెతల పిచ్చి. పెళ్లిళ్లలో, సంతల్లో, రైలు పెట్టెల్లో, ఏ ముసలమ్మ నోట కొత్త సామెత విన్నా అట్టముక్క మీద రాసుకొని దాచారు. అవి ఇవాళ నాలుగు చెప్పుల పెట్టెల నిండా వున్నవి. వాటిని అకారాది క్రమంలో పేర్చి, రెండోసారి వచ్చినవాటిని ఏరిపారేసే ప్రోగ్రాము మా అక్క కొడుకు రాసిపెట్టాడు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు.

ప్రోగ్రాము మంచిదే. కాని అది నల్లతెర ప్రోగ్రాము. బొమ్మలు లేవు, బొత్తాలు లేవు. తెర మీద ఒక ప్రశ్న వస్తుంది, పక్కన చిన్న గీత మినుకుమినుకుమంటూ వుంటుంది. మనం జవాబు టైపు చేసి ఎంటరు మీట నొక్కాలి. ఈ నల్లతెరను టెర్మినల్ అంటారు. దీని వంశం పాతది. 1960లలో కంప్యూటరుతో మాట్లాడటానికి టెలిటైపు యంత్రాలు వాడేవారు. వాటిలో మోడల్ 33 అనేది పేరు పడ్డది. సెకనుకు 10 అక్షరాలు, వరసకు 72 అక్షరాలు, అన్నీ ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలే, కాగితం మీద టకటకా కొట్టేది. ఇవాళ్టి నల్లతెర ఆ కాగితానికి మనుమడు. ప్రతి అక్షరానికీ ఒకే కొలత గది అన్న తాతగారి ఆచారం మాత్రం విడిచిపెట్టలేదు.

ఇంగ్లీషుకు ఆ గళ్ల కాగితం సరిపోతుంది. తెలుగుకు సరిపోదు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడు లెక్కలో అది ఆరు గుర్తులు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. ఆరింటినీ కలిపి ఒక్కటిగా అల్లాలి. నల్లతెరల్లో చాలావాటికి ఈ అల్లిక చేతకాదు. వొత్తు ఒక గదిలో, గుడి ఇంకో గదిలో పడి, మాట ముక్కచెక్కలవుతుంది.

పెద్దాయనకు తెలుగు టైపు చేయటం వచ్చు. మనుమరాలు ఫోనులో నేర్పింది. ఒక సామెత టైపు చేసి తెర చూశారు. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశారు.

“ఏమోయ్ అబ్బాయీ, తప్పు నా కళ్లదా, దీనిదా?”

“దీనిదే తాతగారూ.”

“ఇన్నేళ్లు పాఠం చెప్పినవాణ్ణి. నేను రాసింది నేనే చదువుకోలేకపోతే ఎట్లా నాయనా?”

ఆ మాటకు మావాడు కాసేపు తల పట్టుకు కూర్చున్నాడు. ప్రోగ్రామంతా తిరగరాయాలి కాబోలుననుకున్నాను. అక్కర్లేదన్నాడు. పేర్చటం, ఏరటం లోపల జరిగే పనులు. వాటికి అందచందాలతో పనిలేదు. అడిగేచోట మాత్రం ఒక కిటికీ వుంటే చాలునట.

“పెళ్లి భోజనాల్లో వంటవాడు పంక్తిలోకి వస్తాడా మావయ్యా?” అన్నాడు.

రాడు. గాడిపొయ్యి దగ్గరే వుంటాడు. వడ్డించేవాడు వచ్చి, ఏం కావాలో అడిగి, జవాబు పట్టుకు వెళతాడు. లినక్సు కంప్యూటర్లలో అట్లాంటి వడ్డించేవాడు ‘జెనిటీ’ అనే చిన్న ప్రోగ్రాము. నల్లతెర ప్రోగ్రాము దాన్ని పిలిచి ప్రశ్న చేతికిస్తుంది. అది వెంటనే ఒక కిటికీ తెరుస్తుంది. పైన ప్రశ్న, మధ్య రాసుకునే గడి, కింద రెండు బొత్తాలు. తెలుగు అక్షరాలు అల్లటం తెలిసిన సరంజామాతో కట్టిన కిటికీ గనక అందులో ‘స్త్రీ’ స్త్రీలాగే కనిపిస్తుంది. మనం రాసి బొత్తం నొక్కేదాకా అసలు ప్రోగ్రాము కదలక మెదలక కాచుకొని వుంటుంది. నొక్కగానే కిటికీ మూసుకుపోతుంది, మాట లోపలికి చేరుతుంది.

పెద్దాయన వరసగా పది సామెతలు ఎక్కించారు. ముఖం వెలిగిపోయింది. అంతలో చెయ్యి ఆపి అడిగారు:

“ఈ రెండో బొత్తం దేనికోయ్? నేను వద్దంటే ఇదేం చేస్తుంది?”

మావాడు నోరు మెదపలేదు. కంప్యూటరు శాస్త్రంలో ఓనమాలు రాని మనిషి అడగవలసిన ప్రశ్న అడిగేశారు మరి!

జెనిటీ తిరిగివస్తూ తెచ్చేవి రెండు. ఒకటి, మనం రాసిన మాట. రెండోది, ఒక సంఖ్య. ‘సరే’ నొక్కితే 0. ‘వద్దు’ నొక్కినా, కిటికీ మూసేసినా 1. గడువు పెట్టి అడిగితే, ఆ గడువు దాటిపోయినప్పుడు 5. మావాడి ప్రోగ్రాము మాట ఒక్కటే చూస్తున్నది, సంఖ్య చూడటం లేదు. ఏమీ రాయకుండా ‘సరే’ అన్నా మాట వుండదు, ‘వద్దు’ అన్నా వుండదు. ప్రోగ్రాముకు రెండూ ఒకటే! ఖాళీ విస్తరి వేరు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టటం వేరు. తేడా తెలియనివాడు చేతి మీదనే సాంబారు పోస్తాడు.

అవును, కాదు అని జవాబు చెప్పే ప్రశ్నలయితే మరీ ప్రమాదం. అక్కడ మాట అనేదే వుండదు, జవాబంతా సంఖ్యలోనే వుంటుంది. ‘పాత జాబితా చెరిపి కొత్తది రాయమంటారా?’ అని ఆ ప్రోగ్రాము ఒకచోట అడుగుతుంది. సంఖ్య చూడకపోతే, పెద్దాయన వద్దు మొర్రో అన్నా చెరిపేస్తుంది. నాలుగు చెప్పుల పెట్టెల కష్టం ఒక్క బొత్తంతో సరి.

మావాడు అరగంటలో దిద్దేశాడు. బొత్తాల మీద ‘సరే’, ‘వద్దు’ అని తెలుగులోనే పేర్లు పెట్టాడు. జెనిటీలో అందుకు వీలున్నది. పైథాన్ భాషలో రాసేవారికీ ఇదే నీతి వర్తిస్తుందట. అందులో టికింటర్ అనే సరంజామా చేత కిటికీ తెరిపించి మాట అడిగితే, ఏమీ రాయక ‘సరే’ అన్నప్పుడు ఖాళీ మాట వస్తుంది. వద్దంటే ‘నన్’ అనే ప్రత్యేకమైన గుర్తు వస్తుంది. చెయ్యి అడ్డం పెట్టామని దాని అర్థం.

ఇంకో రెండు జాగ్రత్తలు కూడా తీసుకున్నాడు. కిటికీ ఒక్కోసారి మిగతా కిటికీల వెనక దాక్కుంటుంది. ప్రోగ్రాము ఆగిపోయిందని మనం కంగారు పడతాం. అందుకని ‘కిటికీలో అడిగాను, చూడండి’ అని నల్లతెర మీద ఒక ముక్క రాయించాడు. కిటికీ తెరవటానికి బొమ్మల తెర లేని యంత్రమయితే, ఆ సంగతి ముందే కనిపెట్టి నల్లతెర మీదనే అడిగేట్టు చేశాడు. వసారా లేని ఇంట్లో గడపలోనే నిలబడి అడగాలి గదా!

మీ ఇంట్లో కూడా ప్రోగ్రాములు రాసే పిల్లలుంటారు. వాళ్లు రాసింది బాగా నడుస్తున్నదని చూపించినప్పుడు మెచ్చుకోండి. మెచ్చుకొని, పెద్దాయన అడిగిన ప్రశ్న కూడా ఒకసారి అడిగి చూడండి.