రాంగ్‌రూట్‌కు రాయితీలెందుకు?

సంపాదకులు గారికి,

హైదరాబాద్ ట్రాఫిక్ గురించి ఎవరు రాసినా చివరికి తేల్చేది ఒకటే: మన జనానికి క్రమశిక్షణ లేదు, ట్రాఫిక్ సెన్స్ అసలే లేదు. మీ పత్రికకు వచ్చే లేఖల్లోనూ దాదాపు అదే పాట. నేనది ఒప్పుకోను. తప్పంతా జనం బుద్ధి మీదికి నెట్టేస్తే ఇక ఏ శాఖా ఏమీ చేయక్కర్లేదు, ఆ సుఖం కోసమే ఆ మాట ఇంతకాలం చెలామణీ అవుతోందని నా అనుమానం.

ఇదే జనం మెట్రో స్టేషన్‌లో పసుపు గీత దాటరు. దాటితే గార్డు అప్పటికప్పుడు ఈల వేస్తాడు, నలుగురూ తిరిగి చూస్తారు. ఇదే జనం శనివారం రాత్రి పార్టీకి వెళ్లాలంటే బండి ఇంట్లో పెట్టి క్యాబ్ పిలుచుకుంటున్నారు. డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికితే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు. మిషన్‌లో ఊదాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటిందా, బండి తాళాలు అక్కడే ఇచ్చేయాలి. తర్వాత గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్, అదీ ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని. ఆపైన కోర్టు, జరిమానా, ఒక్కోసారి జైలు. మా బంధువుల కుర్రాడొకడు జరిమానా కట్టి దులుపుకున్నాడు గానీ, వాళ్ల నాన్న పక్కన కూర్చుని ఆ కౌన్సెలింగ్ విన్న పూట మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. తాగి నడపడం నగరంలో ఆగిపోయిందని అనను. కానీ భయం ఉంది, ఆ భయం చూసి అలవాట్లు మారాయి. అదే మనుషులు, అదే బుద్ధి. మరి రాంగ్‌రూట్ దగ్గరికొచ్చేసరికి ఏమైంది?

నేను కొత్తపేటలో ఉంటాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు, డివైడర్. యూ-టర్న్ దాకా పోయి తిరిగి రావడానికి బద్ధకించేవాళ్లు ఫుట్‌పాత్ వారగా ఎదురు వస్తారు. నడిచేవాడు రోడ్డు మీదికి దిగేటప్పుడు ముందుగా కుడివైపు చూస్తాడు. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి అటునుంచే రావాలి మరి. రాంగ్‌రూట్ బండి ఎడమ నుంచి వస్తుంది. బస్సు దిగే ముసలమ్మకు, రైతుబజార్ నుంచి రెండు చేతుల్లో సంచులతో వచ్చే మనిషికి అది తగిలేదాకా కనపడదు. అలా ఎదురొచ్చేవాళ్లలో కొందరు పట్టపగలు లైటు వేసుకుని, హారన్ మీద నుంచి వేలు తీయకుండా వస్తారు, అడ్డం వచ్చింది మనమే అన్నట్టు. మొన్న ఒకాయన ట్రాలీ ఆటో నిండా నీళ్ల క్యాన్లు వేసుకుని అలాగే వచ్చాడు. తప్పుకోక నిలబడితే "జర జరుగు పెద్దాయనా, సైడుకెళ్లే పోతున్న గదా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. రాంగ్‌రూట్‌లో సైడుకు పోవడం ఆయన దృష్టిలో మర్యాద!

రోడ్డు ప్రమాదాల్లో 2022లో దేశంలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో అతివేగం వాటాయే చాలా ఎక్కువ, రాంగ్‌సైడ్ వాటా ఐదు శాతం చిల్లర. ఐదు శాతమే కదా అనిపిస్తుంది. తొమ్మిది వేల ప్రాణాలండీ అవి.

చట్టం మెతకగా ఉందా అంటే, లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఎదురుదారిన నడపడాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చారు. మొదటిసారి దొరికినా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

రోడ్డు మీద జరిగేది వేరు. మెట్రో స్తంభం పక్కన కానిస్టేబుల్ చేతిలో కెమెరాతో నిలబడి ఉంటాడు. హెల్మెట్ లేనివాళ్లను వెనక నుంచి ఫొటో తీస్తుంటాడు. ఆయనకు నాలుగు అడుగుల దూరంలో రాంగ్‌రూట్ బండ్లు ఆయన్నే చుట్టుకుని పోతుంటాయి. వాటినీ ఫొటో తీస్తాడేమో, కాదనను. అయితే ఫొటో తీస్తే బండి ఆగదు. అది వెళ్లి ఎవరిని గుద్దాలో వాళ్లను గుద్దుతుంది, చలానా తర్వాత తీరిగ్గా ఫోన్‌కు వస్తుంది. ఆ కానిస్టేబుల్‌ను తప్పుపట్టడం లేదు, పొగలోనూ దుమ్ములోనూ గంటలకొద్దీ నిలబడే ఉద్యోగం అది. ఆయనకు అప్పజెప్పిన పని ఫొటోలు తీయడం, అదే చేస్తున్నాడు.

దానికి తగ్గట్టే జనమూ తెలివి మీరారు. నంబర్ ప్లేట్‌కు మాస్కు కట్టేవాళ్లు, ఒక అంకె గీకేసేవాళ్లు, ప్లేటును పైకి వంచేసేవాళ్లు, అందరూ కనపడతారు. కెమెరా ఉన్న సిగ్నల్ దగ్గర వెనక కూర్చున్నావిడ చున్నీ కొసను ప్లేట్ మీదికి వేలాడదీయడం చూశాను, చాలా అనుభవంతో చేసిన పని. హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, సిగ్నల్ రాగానే నెత్తిన పెట్టుకునేవాళ్ల సంగతి సరే సరి. వీళ్లంతా నియమాలు తెలియని అమాయకులు కారు. ఏ స్తంభానికి కెమెరా ఉందో, దేనికి లేదో మున్సిపాలిటీ వాళ్లకంటే బాగా తెలుసు. అలాంటివాళ్లకు ట్రాఫిక్ అవగాహన వారోత్సవాలు, పూలు ఇచ్చి హెల్మెట్ పెట్టుకోండి బాబూ అని బతిమాలడాలు!

ఇక నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం, రాయితీలు. 2022 నవంబర్‌లో హైదరాబాద్ పోలీసులు రాంగ్‌రూట్‌కు 1,700 రూపాయలు, ట్రిపుల్ రైడింగ్‌కు 1,200 అని ప్రకటించి స్పెషల్ డ్రైవ్ పెట్టారు. బాగుంది, ఇకనైనా కాస్త జంకుతారు అనుకున్నాం. ఏడాది తిరిగింది. 2023 డిసెంబర్ చివర్లో పెండింగ్ చలానాల మీద ప్రభుత్వం రాయితీ ఇచ్చింది. టూవీలర్లకు, ఆటోలకు 80 శాతం మాఫీ. అంటే ఆ 1,700 కాస్తా 340 అయింది. జనవరి 10 వరకే అన్న గడువు జనవరి చివరికి, అక్కడి నుంచి ఫిబ్రవరి 15కు జరిగింది. అంతకుముందు 2022 మార్చిలోనూ ఇదే జరిగింది, అప్పుడు టూవీలర్లకు 75 శాతం తగ్గించారు. రెండేళ్లలో రెండుసార్లు. చలానా రాగానే పూర్తి సొమ్ము కట్టినవాడు ఏమనుకోవాలి? మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన "తొందరపడ్డాను సార్" అన్నాడు. చీరల షాపువాళ్ల ఆషాఢం సేల్‌లాగే మళ్లీ ఎప్పుడు పెడతారా అని ఎదురు చూసేవాళ్లు ఆయన ఫ్లోర్‌లోనే ముగ్గురున్నారు.

బకాయిలు కొండలా పేరుకుపోయాయి, ఎంతో కొంత రాబట్టాలి కదా అంటారు అధికారులు. రాబట్టడమే పనైతే అది రెవెన్యూ వాళ్ల గోల. జరిమానా పెట్టింది బండి ఆపడానికి.

పేదవాళ్లకు భారం అన్న వాదన ఇంకోటుంది, దాన్ని తేలిగ్గా తీసేయను. డెలివరీ కుర్రాళ్లు, ఆటోవాళ్లు రోజుకు సంపాదించేదెంత, 1,700 అంటే మాటలా? నిజమే. ఆ లెక్కన ఫొటో పద్ధతే వాళ్లకు ఎక్కువ అన్యాయం. మొదటి తప్పుకే ఆపి, అక్కడే రెండు వందలు కట్టించి, బండిని వచ్చిన దారినే నడిపించుకుంటూ వెనక్కి పంపితే రెండోసారి ఆలోచిస్తాడు. అలా కాకుండా గుట్టుగా ఇరవై చలానాలు పోగుచేసి, ఎప్పుడో ఒకరోజు చెక్‌పోస్టు దగ్గర బండి లాక్కుంటే వాడి ఆ నెల బతుకు పోతుంది. పేదవాడి గురించే మాట్లాడుతున్నాం కాబట్టి, ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేదీ, బస్సు కోసం అంచున నిలబడేదీ ఎక్కువగా ఎవరో కూడా చూడాలి.

యూ-టర్న్‌ల సంగతి ఒప్పుకుంటాను. నగరంలో చాలా కూడళ్లు మూసేసి, ఎక్కడో దూరాన యూ-టర్న్‌లు పెట్టారు. అవతలి పక్క మెడికల్ షాపుకు పోవాలంటే కిలోమీటరు తిరిగి రావాల్సిన చోట్లున్నాయి. రాంగ్‌రూట్ ఎక్కువగా పుట్టేది అక్కడే. ట్రాఫిక్ విభాగం వాళ్లకు ఆ చోట్లు మనకంటే బాగా తెలుసు, ఎక్కడెక్కడ ఫొటోలు ఎక్కువ పడుతున్నాయో వాళ్ల కంప్యూటర్లే చెబుతాయి. ఆ లెక్క తీసి, అవసరమైన చోట డివైడర్ తెరిచి సిగ్నల్ పెట్టమనండి. తెరిచాక కూడా ఎదురొచ్చేవాడికి ఇక సాకు ఉండదు.

ఎదురుగా పోలీసు నిలబడితే మార్పు వస్తుందనడానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. 2022 అక్టోబర్‌లో ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ పేరుతో స్టాప్‌లైన్ దాటితే వంద, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డం నిలిస్తే వెయ్యి అన్నారు గుర్తుందా? పోలీసులు గీత దగ్గర నిలబడిన ఆ మొదటి వారాల్లో మా సిగ్నల్ దగ్గర జీబ్రా గీతలు కనపడ్డాయి. వాటి మీద బండ్లు లేకపోతే కనపడతాయన్నమాట! వాళ్లను అక్కడి నుంచి తీసేశాక మళ్లీ మామూలే.

కాబట్టి నా విన్నపం పోలీసు శాఖకే కాదు, ప్రభుత్వానికి కూడా. రాంగ్‌రూట్, సిగ్నల్ జంపింగ్ చలానాల మీద ఇకముందు ఎప్పుడూ రాయితీ ఉండదని జీవో ఇవ్వండి. కావాలంటే జరిమానా మొత్తమే తగ్గించండి, కానీ తగ్గించినది పూర్తిగా, అక్కడికక్కడే వసూలు చేయండి. ప్రభుత్వ బండ్లతోనే మొదలుపెట్టండి. 2023 రాయితీలో ఆర్టీసీ బస్సులకు ఏకంగా 90 శాతం మాఫీ చేశారు. ప్రభుత్వం వేసిన జరిమానాను ప్రభుత్వ సంస్థకే ప్రభుత్వం మాఫీ చేసిందన్నమాట. పోలీసు జీపులతో సహా ఏ శాఖ బండి మీద ఎన్ని చలానాలు పెండింగ్ ఉన్నాయో, అవి ఎప్పటిలోగా కడతారో ఒక జాబితా బయటపెట్టమనండి. మీ పత్రికే అడిగితే ఇంకా బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొత్తపేట, హైదరాబాద్