విత్తువానికి పట్టా యేల?

భూమిని దున్నువాడొకడు, కాగితమున నుండువాడొకడు. ఖమ్మము దాటి భద్రాచలపుటడవుల యంచున మెలగినవారికిది క్రొత్తమాట కాదు. 2018లో తెలంగాణ ప్రభుత్వము విత్తనములకు, ఎరువులకు పెట్టుబడిగా నెకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున రైతుబంధు పేర నిచ్చెను. ఇచ్చుట మంచిదే, కాని యెవరికి? పట్టాదారునకు! అతడు పట్టణమున మేడలో నున్నను సరే. రెండెకరములు కౌలునకు చేయువానికి గవ్వయు లేదు.

కౌలుదారుని గుర్తించినచో యజమాని భూమి పోవునందురు. ఎట్లు పోవును? 2011లో ఉమ్మడి రాష్ట్రము కౌలుదారులకు కార్డు లిచ్చుటకై చేసిన చట్టమే, ఆ కార్డు వలన భూమిపై హక్కు కలుగదని చెప్పినది గదా!

ఇక పోడు చేయు కోయవాని సంగతి. 2006 నాటి అటవీహక్కుల చట్టము 13 డిసెంబరు 2005 నాటికి సాగులోనున్న గిరిజనునకు హక్కు నిచ్చినది. దాని నియమములలో, వ్రాసికొనిన గ్రామవృద్ధుల వాఙ్మూలము కూడ సాక్ష్యమే. భూమికి చాలిన పెద్దల మాట సంచెడు విత్తనమునకు చాలదా? ఆ చేను ఎవడు దున్నుచున్నాడో గ్రామసభకు తెలియదా? పూర్వము తెలంగాణమున నాగు పేర బస్తా గింజలకు బస్తాన్నర కొలిచిరి. విత్తు దొరకనివాడు నేడును షాహుకారు గడపయే త్రొక్కును.

మొన్న మా తరగతిలో నొక కోయబాలుని, మీ చేనిలో నేమి వేసిరని యడిగితిని. "కంది ఏద్దామనుకున్నం సార్, ఇత్తనాలు దొరకలే" అనెను. మృగశిర యప్పటికే గడచినది.